బయటి బెంచీకి నూనె

పోయిన నెల మా మందిరం చుట్టూ సిమెంటు పరవడానికి నేల చదును చేస్తుంటే, తూర్పు కిటికీ కింద పలకరాయి ముక్కలు నాలుగు బయటపడ్డాయి. ఒక్కొక్కటి అరచెయ్యంత ఉంటుంది. మంచం కోళ్ళ కింద పెట్టినట్టు నాలుగు మూలలా నాలుగు. పార తగిలి ఒకటి టంగుమంటే మేస్త్రీ దాన్ని తీసి, మట్టి తుడిచి నా దగ్గరికి తెచ్చాడు.

"ఇదేందవ్వా? ఈడ ఏదన్నా సమాధి ఉన్నిందా?"

"సమాధి కాదు నాయనా. బెంచీ ఉన్నింది."

"బెంచీకి పలకలెందుకు?"

"చెమ్మ పైకెక్కకుండా. చెదలు పట్టకుండా."

అతను ముక్కను అటూ ఇటూ తిప్పాడు. ఒక వైపు నల్లటి మరక. ఎన్ని వానలు పడినా పోని నూనె మరక. "పారెయ్యాల్నా, ఉంచాల్నా?" అన్నాడు. ముందు కూలీలను అన్నానికి పంపమన్నాను. వాళ్ళు పోయాక ఆ నాలుగు ముక్కల మధ్య నిలబడ్డాను.

వాటిని అక్కడ పెట్టిన మనిషి పేరు ఇక్కడ రాయను. సంఘంలో ఆ పేరు పిలవడం ఆగిపోయి ఎంతో కాలమైంది. ఇప్పుడు నేను కాగితం మీద పిలిస్తే ఆయనకు ఒరిగేదేమీ లేదు. వరసకు నాకు పెదనాయన. మా పాళెంలో అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు కాబట్టి అదేమంత దగ్గరి చుట్టరికం కాదు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మాది ఇంకా కర్నూలు జిల్లా కిందే ఉండేది. మార్కాపురం నుంచి గిద్దలూరు వైపు పోయే రోడ్డు దిగి కొంచెం నడిస్తే మా పాళెం. నేను వాక్యంలో శిక్షణ ముగించుకుని, మా సంఘానికే బైబిలు స్త్రీగా వచ్చాను. ఆడవాళ్ళు పొద్దున కూలికి పోకముందు, సాయంత్రం పొయ్యి రాజెయ్యకముందు వాళ్ళ ఇళ్ళకు పోయి, వాక్యం చదివి, అర్థం చెప్పి, ప్రార్థన చేయించడం నా పని. వయసు చిన్నదైనా దాదాపు అందరూ నన్ను బైబిలమ్మా అనేవారు. ఆయనా అనేవాడు. ఆయన నోట్లో మాత్రం ఆ పిలుపుకు కొంచెం ఎగతాళి అంటుకుని వచ్చేది.

నేను వచ్చేటప్పటికే ఆయన బయటి బెంచీ మీద ఉన్నాడు.

బయటి బెంచీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆ రోజుల్లో మా సంఘంలో తప్పు చేసినవాళ్ళను ప్రభువు బల్లకు దూరంగా ఉంచేవారు. ఆదివారం వాళ్ళు మందిరంలోకి అడుగు పెట్టకూడదు. తూర్పు కిటికీ కింద వేసిన బెంచీ మీద కూర్చుని ప్రసంగం వినొచ్చు, పాట పాడొచ్చు. రొట్టె, ద్రాక్షరసం లోపలివాళ్ళకే. మనసు మారినప్పుడు ఆ మనిషి లోపలికి వచ్చి, సంఘం ముందు నిలబడి, నేను చేసింది తప్పు, క్షమించండి అని నోటితో చెప్పాలి. అప్పుడు పెద్దలు ఒక్కొక్కరే లేచి కుడిచెయ్యి ఇస్తారు. ఆ చెయ్యి అందుకున్నాకే మళ్ళీ రొట్టె. ఇదంతా కఠినమని ఇప్పటివాళ్ళు అంటారు. నేను అనలేదు. కడగని గిన్నెలో పాలు ఎవరూ పొయ్యరని ఇంటింటా చెప్పినదాన్ని నేను.

ఆయన చేసిన తప్పు ఇది. చిన్నప్పుడు మిషను వాళ్ళ దగ్గర చెక్కపని నేర్చుకున్నాడు. బంగళా వరండాలో వాలుకుర్చీలు, తోటలో బెంచీలు, ఆసుపత్రి చెట్ల కింద రోగులు కూర్చునే బల్లలు, ఇట్లా ఎండలో వానలో పడి ఉండే చెక్కసామాను చూసుకోవడం ఆయన పని. కొత్తది చెయ్యమంటే ముఖం ముడుచుకునేవాడు. పాతది బాగుచెయ్యమంటే అన్నం మానేసి వచ్చేవాడు. పక్క ఊళ్ళో అమ్మవారి గుడి ముందు ఒక కొయ్య గుర్రం ఉండేది. తిరునాళలో అమ్మవారిని ఊరేగించే గుర్రం. ఏడాది పొడుగునా చిన్న పందిరి కింద, ముందు సగం ఎండలో, వెనక సగం నీడలో నిలబడి ఉండేది. ముందుకాలు పుచ్చిపోయింది. మెడ మీద చెక్క నెర్రెలిచ్చింది. దాన్ని చేయించిన కుటుంబం మార్కాపురంలో దుకాణం నడిపే ఒక శెట్టిది. శెట్టి ఈయన ఇంటికి వచ్చి, "గుర్రం ఈ తిరునాళకు నిలబడేట్టు లేదు, నువ్వొచ్చి చూడాల" అన్నాడు. ఈయన పోయాడు. పాత రంగు గీకి, పుచ్చిన కాలు తీసేసి కొత్తది అతికి, నూనె పట్టించి వచ్చాడు. ఆ తిరునాళలో గుర్రం ఎండలో మెరిసిపోయింది. చూసినవాళ్ళందరూ చెయ్యి ఎవరిదో గుర్తుపట్టారు.

విగ్రహపూజకు చెయ్యేశాడని సంఘం పంచాయితీ కూర్చుంది. అప్పుడు మా సంఘాన్ని చూసే మిషను దొరగారు అందరి ముందర అడిగాడట.

"నువ్వు చేసింది తప్పా, కాదా?"

"నేను మొక్కలేదు దొరా. టెంకాయ కొట్టలేదు. చెక్క ఎండకు పగిలిపోతా ఉన్నింది, బాగుచేసినా."

"తప్పా, కాదా?"

"తప్పని నాకు అనిపించడంల్యా."

"అనిపించేదాకా బయట కూర్చో" అన్నాడు దొర.

కొన్నాళ్ళకు దొరకు జబ్బు చేసి తన దేశం పోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన అన్న మాట మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

బెంచీ కూడా ఆ బంగళా తోటలోదే. నల్లమల టేకుతో చేసింది. వీపుకు పట్టీలు, చేతులు ఆనించుకోడానికి ఒంపు తిరిగిన చెక్కలు. ఆయన ఎప్పుడూ కిటికీ పక్క కొసన కూర్చునేవాడు. మధ్యలో కూర్చోగా నేను చూడలేదు. మిగిలిన జాగా వచ్చేవాళ్ళ కోసమట. బెంచీ మీద అరచేత్తో, ఎద్దు వీపు తట్టినట్టు తట్టి కూర్చునేవాడు. లేచేటప్పుడు మళ్ళీ తట్టేవాడు.

పాట మొదలైతే అందరికన్నా ఒక అక్షరం ముందుండేవాడు. లోపల హార్మోనియం వాయించే ఆయన ఎంత బిగపట్టినా సంఘం మొత్తం ఆ బయటి గొంతు వెంటే పరిగెత్తేది. ఒక ఆదివారం సంఘపెద్ద ఒకాయన విసుగొచ్చి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మామా, కొంచెం మెల్లగా పాడు. నువ్వు బయట ఉండావో, మేము బయట ఉండామో తెలియడంల్యా."

"నాకూ అదే తెలియడంల్యా అల్లుడా" అన్నాడు ఆయన.

లోపల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన తల లోపలికి తీసుకుని కిటికీ రెక్క ఒకటి మూశాడు. పాట మెల్లగా కాలేదు.

రొట్టె విరిచే వేళకు మాత్రం ఆ గొంతు ఆగేది. లోపల ఎవరూ కనీసం దగ్గని ఆ సమయంలో బయటి నుంచి ఒక చప్పుడు వచ్చేది. గుడ్డతో చెక్కను రుద్దే చప్పుడు. కిటికీకి వీపు పెట్టి, నడుముకు చెక్కుకున్న నూనెగుడ్డ తీసి, బెంచీ చెయ్యిని ఒకే తీరుగా రుద్దుతూ ఉండేవాడు. లోపల అందరికీ రొట్టె అందేదాకా రుద్దేవాడు. నేను రొట్టె నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ చప్పుడు నా చెవిలో ఉండేది. ఈనాటికీ ఆ రెండూ నాకు విడివిడిగా గుర్తుకు రావు.

ముంగారు వానలకు ముందు ఒకసారి, చలి మొదలయ్యేటప్పుడు ఒకసారి బెంచీని వేపచెట్టు నీడకు మోసుకుపోయి పని పెట్టుకునేవాడు. మార్కాపురంలో పలకల కార్ఖానాల పక్కన విరిగిన రాయి గుట్టలుగా పోసి ఉంటుంది. అందులోంచి అంచు పదునుగా ఉన్న ముక్కలు ఏరుకొచ్చుకునేవాడు. ముందు కుంకుడు రసంతో బెంచీని కడిగి ఆరబెట్టేవాడు. ఆరాక, ఎండకు బూడిదరంగు తిరిగిన పైపొరను ఆ పలక అంచుతో గీకేవాడు. కింద నుంచి తేనెరంగు తేలేదాకా గీకి, పలకరాయి పొడి తడిగుడ్డ మీద చల్లి రుద్దేవాడు. ఆ తర్వాత నూనె. అవిసెనూనెలో గుగ్గిలం, తేనెమైనం వేసి కాచేవాడు. ఆ వాసన పాళెం అంతా తిరిగేది. మైనం కోసం దోర్నాల దాకా పోయి చెంచువాళ్ళ దగ్గర తెచ్చుకునేవాడు. దాని మీదా సంఘంలో ఒకసారి పంచాయితీ అయింది. శ్రీశైలం యాత్రికులు పోయే బస్సులో ఈయన కనబడ్డాడని ఎవరో చెప్పారు.

"శ్రీశైలం బస్సులో నీకేం పని?"

"దోర్నాలకు ఆ బస్సే పోతాది. ఏసుప్రభువు వేరే బస్సు ఎయ్యలా" అన్నాడు.

ఆయన చేతిపని ఎప్పుడూ బాగా కుదిరేదని చెప్పను. ఒక ఏడు అవిసెనూనె దొరకలేదో, ఓపిక లేకపోయిందో, ఆముదం పోసి కాచాడు. "ఆముదం ఆరదు పెదనాయనా" అని నేనన్నాను. "నువ్వు వాక్యం చూసుకో, నూనె సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఆ ఆదివారం ఆయన పక్కన ఇంకొకాయన ఉన్నాడు. పెండ్లాం బతికుండగానే మరొకామెను తెచ్చి పెట్టుకుని, మళ్ళీ బుద్ధి తెచ్చుకుని పంపించేసిన మనిషి. ఆ రోజే లోపలికి పోయి ఒప్పుకోవాలి. తెల్లటి పంచె కట్టుకుని వచ్చాడు. లోపల పేరు పిలిచారు. లేవబోతే పంచె లేవలేదు. మళ్ళీ లేచాడు. పర్రుమని శబ్దం వచ్చింది.

"నీ నూనె పాడుగాను మామా, పట్టుకోనింది."

"నేను పట్టుకోలా. బెంచీ పట్టుకోనింది. ఇంకొన్నాళ్ళు ఉండమంటాది."

ఆ మనిషి వెనక పంచె మీద బెంచీ పట్టీలన్నీ గోధుమరంగు చారలుగా అచ్చుపడి ఉండగా లోపలికి పోయి, సంఘానికి ఎదురుగా నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. కుడిచెయ్యి అందుకోడానికి పెద్దల వైపు తిరిగినప్పుడు ఆడవాళ్ళ వైపు నవ్వు ఆగలేదు. అప్పటి పాస్టరుగారు కూడా ముఖం తిప్పుకున్నాడు. అందరూ నవ్వుతుంటే నేను కిటికీ వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. పక్కన ఖాళీ అయిన జాగాను గుడ్డతో తుడుస్తున్నాడు.

బెంచీ మీదికి మనుషులు వచ్చేవారు, పోయేవారు. కల్లు తాగి కొట్లాడినవాడు వచ్చాడు. జబ్బుపిల్లకు తాయెత్తు కట్టించిన తల్లి వచ్చింది. పక్కమనిషి పొలంగట్టు జరిపినవాడు వచ్చాడు. వాళ్ళకు ఆయన జాగా చూపించేవాడు, ఎండ ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పేవాడు, ప్రసంగం సరిగ్గా వినబడకపోతే వినబడినంత మళ్ళీ చెప్పేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళు లేచి లోపలికి పోయేవారు. ఆయన ఉండిపోయేవాడు. ఇంత శ్రద్ధగా ఈ బెంచీని ఎందుకు చూసుకుంటావని నేనొకసారి అడిగితే, "వచ్చే పాపికి పేడు గుచ్చుకోకూడదు గదా బైబిలమ్మా" అన్నాడు. అందులో ఎగతాళి లేదు.

ఆయన భార్య లోపల ఉండేది. ఆమెను నేను పెద్దమ్మా అనేదాన్ని. తూర్పు కిటికీకి లోపలి వైపు, గోడకు ఆనుకుని కూర్చునేది. గోడకు ఇవతల ఆమె వీపు, అవతల ఆయన భుజం. ఒక ఆదివారం రొట్టె పంచుతుండగా, ఆమె తన ముక్కను విరిచి సగం కొంగుచాటున దాచడం చూశాను. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది.

"తీసుకో" అంది మెల్లగా.

బయట రుద్దే చప్పుడు ఆగింది.

"దొంగరొట్టె నాకొద్దు" అన్నాడు.

"నాదే. నా ముక్కలోదే."

"నీదే నువ్వు తిను."

చెయ్యి కొంచెంసేపు అట్లాగే గాలిలో ఉండి లోపలికి వచ్చింది. ఆమె ఆ ముక్క తినలేక, పారెయ్యలేక, పిడికిలిలో పట్టుకుని ఆమెన్ దాకా కూర్చుంది. నేను కళ్ళు మూసుకున్నాను. బయట చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆ ఏడే సంఘపెద్దలు నన్ను పిలిచారు. ఆయన పెద్దవాడవుతున్నాడు, దగ్గుతున్నాడు, బయట ఉన్నట్టే కన్ను మూస్తే మందిరంలోకి శవాన్ని తేవడానికి కూడా కట్టుబాటు ఒప్పుకోదు, ఆ పరిస్థితి రాకూడదు, నువ్వు చదువుకున్నదానివి, నీ మాట వింటాడేమో పోయి చెప్పు అన్నారు. పోయాను. వేపచెట్టు కింద బెంచీని తలకిందులుగా వేసి కాళ్ళు గీకుతున్నాడు.

"ఏంది బైబిలమ్మా, కొత్త వాక్యం తెచ్చినావా?"

"పాతదే తెచ్చినా. ఒకే చెట్టును నరికి, సగం పొయ్యిలో పెట్టుకుని సగానికి మొక్కినవాని సంగతి ప్రవక్త చెప్పినాడు గదా పెదనాయనా."

"చెప్పినాడు. నేను పొయ్యిలోనూ పెట్టలా, మొక్కనూ లేదు. బాగుచేసినవాని సంగతి ఆ ప్రవక్త చెప్పలా."

"నువ్వు బాగుచేసినందుకే గదా వాళ్ళు ఊరేగించినారు."

"ఊరేగించినారు" అని ఒప్పుకున్నాడు. పలక అంచు మొద్దుబారింది. ఇంకో ముక్క తీసుకున్నాడు. "దాని మెడ మీద చెయ్యి పెట్టి చూసినా. లోపలిదాకా ఎండిపోయి ఉన్నింది. చెయ్యి పెట్టినాక ఎట్ల వదిలేసి వచ్చేది? అది ఎవరిదని అడిగి నూనె పుయ్యాల్నా?"

"అంత దూరం పోవద్దు పెదనాయనా. ఒక్క మాట. పెద్దలు కూడా మెత్తబడినారు. మాటవరసకు తప్పైందని చెప్పినా చాలన్నారు."

ఆయన గీకడం ఆపాడు. పని మధ్యలో ఆయన చెయ్యి ఆగడం నేను చూసింది అదొక్కసారే.

"ప్రభువు బల్ల ముందర నిలబడి, మాటవరసకా?" అన్నాడు. "ఎవరన్నారు ఆ మాట?"

ఎవరని చెప్పినా చెప్పకపోయినా ఆ ప్రశ్న ముందు నా చదువంతా నిలబడదని తెలుసు. నాకు తోచింది చెప్పాను. "అయితే ప్రార్థన చెయ్యి. అది తప్పని నీకు నిజంగా అనిపించేట్టు చెయ్యమని దేవుణ్ణే అడుగు. ఆయన చూపించకపోతే ఎవరు చూపిస్తారు?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. "ఊఁ" అని, మళ్ళీ పలక అందుకున్నాడు.

మరికొన్నాళ్ళకు మా సంఘానికి కొత్త పాస్టరు వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, వయసులో చిన్నవాడు, మంచి మనసున్నవాడు. మొదటి ఆదివారమే బయటి బెంచీని చూసి ముఖం మాడ్చుకున్నాడు. పెద్దలను కూర్చోబెట్టి, "ఆ బెంచీ ఉన్నంత కాలం ఆయన బయటే ఉంటాడు. బెంచీని లోపలికి తెద్దాం, మనిషి తనంతట తనే వస్తాడు" అన్నాడు. అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. ఇన్నేళ్ళూ ఈ ఉపాయం ఎవరికీ తోచనందుకు ఆశ్చర్యపోయాం కూడా. క్రిస్మసుకు ముందు నలుగురు మగవాళ్ళు బెంచీని లోపలికి మోశారు. ఆయన్ను సంతోషపెట్టాలని, మార్కాపురం నుంచి నీలం పెయింటు తెప్పించి రెండు పూతలు వేశారు. ఇన్నేళ్ళ నూనె మీద ఆ పెయింటు సరిగ్గా పట్టలేదు. అక్కడక్కడ ముడతలు పడింది. అయినా చూడడానికి కొత్తగా ఉంది.

ఆదివారం ఆయన వచ్చాడు. కిటికీ కింద నాలుగు పలకలున్నాయి, బెంచీ లేదు. ఆగిపోయాడు. తట్టడానికి ఎత్తిన చెయ్యి కిందికి దించుకున్నాడు.

"లోపలుంది" అంది పెద్దమ్మ కిటికీలోంచి. "నీ జాగా నీకే పెట్టినారు. రా."

పాస్టరుగారు గుమ్మం దిగి ఎదురుపోయాడు. అందరం చూస్తుండగా కుడిచెయ్యి చాపాడు. ఒప్పుకోలు లేకుండా ఆ చెయ్యి చాపడం మా సంఘంలో అదే మొదలు. ఆయన ఆ చేతిని చూశాడు. తన చేతులను చూసుకున్నాడు. గోళ్ళలో పలకపొడి, వేళ్ళ నెర్రెల్లో నూనె. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నూనె చేతులయ్యా."

"ఏం పర్వాలేదు. రండి, మీ బెంచీ మీద కూర్చోండి."

"బెంచీ మీద కూర్చోమనలా నన్ను. బయట కూర్చోమన్నారు."

"ఆ దొరగారు వెళ్ళిపోయి ఎన్నో ఏళ్ళయింది."

"దొర పోయినాడు" అన్నాడు. "నాకు అనిపించాల్సింది అనిపించలా గదయ్యా ఇంకా."

ఆ రోజంతా కిటికీ పక్కన నిలబడే ఉన్నాడు. కూర్చోడానికి ఏమీ లేదు. కుర్చీ తెస్తే వద్దన్నాడు. పాట మొదలైంది. పాడాడో లేదో తెలియదు. మొదటిసారి సంఘం హార్మోనియం వెంట పాడింది. ఎంత మెల్లగా, ఎంత చప్పగా పాడామో నాకు గుర్తుంది. రొట్టె విరిచే వేళ బయట ఏ చప్పుడూ లేదు. తలుపు తెరిచి చూసేసరికి ఆయన లేడు.

మళ్ళీ రాలేదు. లోపలికి రాడు, బయట జాగా లేదు. మేము దయతో చేసిన పని ఆయనకు ఉన్న ఒక్క చోటునూ తీసేసింది. బెంచీని మళ్ళీ బయట వేద్దామని పెద్దమ్మ ఒకసారి అడిగింది. లోపలికి తెచ్చినదాన్ని మళ్ళీ బయటికి తోస్తే అర్థం ఏముంటుందని పెద్దలు అన్నారు. అదీ నిజమే అనిపించింది.

వానలు మొదలయ్యాక మంచం పట్టాడు. పాస్టరుగారు రొట్టె, రసం తీసుకుని ఇంటికి పోయాడు. నేను వెంట ఉన్నాను. మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, రొట్టె చేతిలోకి తీసుకున్నాడు. పెదనాయన కళ్ళు తెరిచాడు.

"నేను ఇంకా చెప్పలా గదయ్యా?"

"చెప్పకపోయినా పర్వాలేదండీ."

"మీకు పర్వాలేదేమో" అన్నాడు. అది కోపంగా అనలేదు. అలసిపోయిన గొంతు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. పాస్టరుగారు రొట్టెను గుడ్డలో చుట్టుకుని, తడుస్తూ నడిచి వచ్చేశాడు. ఆ వానల్లోనే పెదనాయన పోయాడు.

శవాన్ని మందిరంలోకి తేవాలా వద్దా అని పెద్దలు ఇంకా వాదించుకుంటుండగానే పెద్దమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"లోపలికి వద్దు. ఆయన కాళ్ళతో రాని చోటికి మీ భుజాల మీద తేవద్దు" అంది.

ఎవరూ ఎదురు చెప్పలేదు. శవపెట్టెను కిటికీ కింద దించాలి, నేలంతా బురద. దేని మీద పెట్టాలో తోచక, మగవాళ్ళు లోపలికి పోయి బెంచీని బయటికి తెచ్చారు. దాని కాళ్ళు ఆ పలకల మీద సరిగ్గా కూర్చున్నాయి. నీలం పెయింటు బెంచీ మీద ఆయన పెట్టె. సన్నటి తుంపర. పాస్టరుగారు ప్రార్థన చేశాడు. పాట ఎవరు మొదలుపెట్టాలో తెలియక కొంచెంసేపు ఆగిపోయాం.

సమాధి దగ్గరి నుంచి తిరిగి వచ్చాక బెంచీని లోపలికి తెచ్చినవాళ్ళు లేరు. ఎవరూ తేవద్దనలేదు, ఎవరూ తేలేదు. ఆ వానలకే పెయింటు ముడతల కిందికి నీళ్ళు దిగాయి. ఎండాకాలానికి పెచ్చులు లేచాయి. కింద చెక్క నల్లబడి, వేలితో నొక్కితే దిగేది. పట్టీలు ఒకటొకటే ఊడిపోయాయి. ఊడినవాటిని ఎవరెవరో పొయ్యిలోకి తీసుకుపోయారు. చివరికి పలకలు మిగిలాయి. వాటి మీద మట్టి పేరుకుంది.

ఆయన పోయిన కొద్ది రోజులకు నేను వాక్యం చదవడానికి పెద్దమ్మ దగ్గరికి పోయాను. నూనె కాచే పాత డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల గడ్డకట్టిన మైనాన్ని గోటితో గీకుతోంది. నేను పుస్తకం తెరిచాను. చదవడానికి ముందు ఆమె అంది:

"నువ్వు ఆయనకు ఒక ప్రార్థన నేర్పినావంట గదా."

"ఏ ప్రార్థన పెద్దమ్మా?"

"చేసింది తప్పని అనిపించేట్టు చెయ్యి దేవా, అని. దినామూ చేసేవాడు. తెల్లారి లేస్తానే మోకాళ్ళ మీద. ఇంకోటి అడిగేవాడు కాదు. దగ్గు తగ్గించమని కూడా అడగలా. జబ్బు పడినాక మోకాళ్ళు వంగకపోతే మంచం మీదే చేతులు కట్టుకునేవాడు." డబ్బాను పక్కన పెట్టింది. "పోయే ముందుదినం నేనే అడిగినా. ఏమయ్యా, ఇప్పుడన్నా అనిపించిందా అని. లేదే అన్నాడు. అనిపిస్తే ఎంత బాగుండునో అన్నాడు. ఏడ్చినాడు."

నేను పుస్తకంలో పేజీలు తిప్పాను.

"అనిపించనిది ఎట్ల చెప్తాడు చెప్పు బైబిలమ్మా" అంది ఆమె. ఆమె నన్ను ఎప్పుడూ పాపా అని పిలిచేది. ఆ ఒక్కసారే బైబిలమ్మా అంది. "అడిగినాడు గదా. దేవుడియ్యకపోతే ఆయన తప్పా?"

ఆ రోజు ఏ వాక్యం చదివానో నాకు గుర్తు లేదు.

మేస్త్రీ అన్నం తిని వచ్చి మళ్ళీ అడిగాడు. పలకలను ఉన్నచోటే ఉంచి పైన సిమెంటు పొయ్యమన్నాను. "రాయి మీద రాయి, మంచిదే అవ్వా, గట్టిగా ఉంటాది" అన్నాడు. సాయంత్రానికి తూర్పు వైపంతా నున్నగా అయిపోయింది. ఇప్పుడు అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూర్చుంటారు. రొట్టె వాళ్ళ దగ్గరికే పళ్ళెంలో పోతుంది. ఎవర్నీ ఎవరూ ఏమీ అడగరు.

సంఘం భూమి మీద బంధించింది పరలోకంలోనూ బంధించే ఉంటుందని నేను నమ్ముతాను. బతుకంతా ఇంటింటా చదివి చెప్పిన మాట అది. ఒక్కరి కోసం దాన్ని మార్చుకోలేను. నమ్ముతాను కాబట్టే ఆయన ఇప్పుడు ఏ వైపు ఉన్నాడో నాకు తెలుసు. అందుకని తెల్లారి లేస్తానే మోకాళ్ళ మీద ఒకటి అడుగుతాను. ఆయన్ను బయట కూర్చోబెట్టడం న్యాయమేనని నాకు అనిపించేట్టు చెయ్యి ప్రభువా, అని. అడిగి, కొంచెంసేపు కళ్ళు తెరవకుండా అట్లాగే ఉంటాను.

ఏమీ అనిపించదు. ఆమెన్ అని, గోడ పట్టుకుని లేస్తాను.